అగ్నిగుండాల రాగి, వాషింగ్టన్ వాటా: కొరత ముడిపదార్థాల అంతర్జాతీయ పంపకం

ఉపోద్ఘాతం

కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ 2023 జూన్‌లో 30 కీలక ఖనిజాల జాబితాను ప్రకటించింది. అందులో రాగి ఉంది, సీసం లేదు. పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతంలోని అగ్నిగుండాల ఖనిజ మండలం దృష్ట్యా ఇది గమనింపదగిన విషయం. అక్కడ నల్లకొండలో రాగి, బండలమొట్టులో సీసం, ధూకొండలో రెండూ ఉన్నాయి. కడప శిలాసముదాయానికి చెందిన ఒకే శ్రేణిలో ఒక కొండ దేశానికి కీలకమైంది, పక్క కొండ కాలేదు. ఇటువంటి విభజన ఏ ప్రాతిపదికన జరుగుతుందో తెలుసుకోవడానికి 1951 నాటి ఒక ప్రయోగాన్ని పరిశీలించాలి.

అంతర్జాతీయ ముడిపదార్థాల సమావేశం

1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైనిక అవసరాలకు నిల్వలు పెంచుకోసాగింది. గంధకం, టంగ్‌స్టన్, రాగి వంటి వాటి ధరలు విపరీతంగా పెరిగాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇటువంటి పంపకాన్ని అమెరికా, బ్రిటన్‌లు 1942లో ఏర్పరచుకున్న ఉమ్మడి మండలి ద్వారా నడిపాయి. ఈసారి అంత ఇరుకైన ఏర్పాటు చెల్లదు. కాబట్టి ఫ్రాన్స్‌ను కలుపుకొని 1951 ఆరంభంలో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ ముడిపదార్థాల సమావేశాన్ని నెలకొల్పాయి. దాని కేంద్ర బృందంలో భారతదేశానికీ స్థానం లభించింది.

పని అంతా ఏడు సరుకు సంఘాలలో జరిగేది. రాగి-జింకు-సీసానికి ఒకటి, పత్తికి ఒకటి, గంధకానికి ఒకటి, మాంగనీసు-నికెల్-కోబాల్టుకు ఒకటి, ఇలా. ప్రపంచ ఉత్పత్తిని అంచనా వేసి, మూడు నెలలకొకసారి ఒక్కొక్క దేశానికి ఇంత అని వాటా సూచించేవారు. సూచన మాత్రమే, ఆజ్ఞాపించే అధికారం ఆ సంఘాలకు లేదు. ప్రభుత్వాలు తమ ఎగుమతి, దిగుమతి నియంత్రణల ద్వారా దానిని అమలు చేయాలి. రాగి, జింకులకు వాటాలు నిర్ణయించారు, సీసానికి నిర్ణయించలేదు. అగ్నిగుండాలలోని రెండు లోహాల మధ్య గీత ఆనాడే పడిందన్నమాట!

వాటాకు కొలబద్ద

అసలు చిక్కు కొలబద్దలో ఉంది. రక్షణ అవసరాలకు పెద్దపీట వేసి, మిగిలినదానిని పంచేటప్పుడు గత వినియోగాన్ని ప్రధానంగా పరిగణించారు. నిన్న ఎక్కువ వాడినవారికే నేడు ఎక్కువ లభిస్తుంది. 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక ప్రారంభించిన దేశానికి చూపించడానికి ‘నిన్న’ తక్కువ. గంధకం దాదాపు పూర్తిగా దిగుమతే. అది లేనిదే గంధకామ్లం లేదు, గంధకామ్లం లేనిదే సూపర్ ఫాస్ఫేట్ ఎరువు లేదు. రాగి ఘాట్‌శిల ప్రాంతం నుంచే కొద్దిగా వచ్చేది. మరోవైపు అమెరికా ఉక్కు పరిశ్రమకు కావలసిన మాంగనీసును భారతదేశం పంపుతూ ఉండేది. సోవియట్ సరఫరా తగ్గిన తరువాత దాని విలువ మరీ పెరిగింది. గరివిడి పరిసరాల మాంగనీసు ఎంతోకాలంగా విశాఖ రేవు మీదుగానే ఓడలెక్కేది. ఇచ్చేచోట బలం ఉన్నా, అడిగేచోట భారతదేశం చిన్న వినియోగదారుగానే లెక్కకు వచ్చింది. ఈ వ్యవస్థలో అన్యాయమనదగినది ఇదే. అయినా, వేలం పాటలో ధనికదేశాలే అంతా ఎగరేసుకుపోవడంకన్నా ఇది మేలైన మార్గమని అంగీకరించాలి.

కొరత సడలగానే వాటాలు ఒక్కొక్కటిగా ఎత్తివేశారు. 1953 సెప్టెంబరులో సమావేశమే ముగిసింది.

గని నుంచి జాబితాకు

అగ్నిగుండాలలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ విస్తృత అన్వేషణ జరిపింది. తరువాత బండలమొట్టు సీసపు గనిని హిందుస్థాన్ జింక్ నడిపింది. శుద్ధిచేసిన ఖనిజం బయటి కర్మాగారాలకు తరలిపోయేది. ఊరి పేరులో అగ్ని ఉన్నా సీసం కరిగించే కొలిమి అక్కడ వెలగలేదు. ఆ గని నేడు మూతపడి ఉంది.

ప్రస్తుత ఏర్పాట్లలో ఉమ్మడి వాటాలు లేవు. కొన్ని దేశాలు జట్టుకట్టి గనులను, పెట్టుబడులను సమకూర్చుకొంటున్నాయి. అమెరికా నాయకత్వంలో 2022లో ఏర్పడిన ఖనిజ భద్రతా భాగస్వామ్యంలో భారతదేశం 2023 జూన్‌లో చేరింది. ప్రభుత్వరంగ సంస్థ కాబిల్ 2024 జనవరిలో అర్జెంటీనాలోని కాటమార్కా రాష్ట్రంలో ఐదు లిథియం క్షేత్రాలకు ఒప్పందం చేసుకుంది. 1951లో చిన్నదేశం వాటా అడగడానికి ఒక బల్ల అయినా ఉండేది. నేటి జట్లలో చేరాలంటే మార్కెట్టో, మూలధనమో, ఖనిజమో చేతిలో ఉండాలి. నల్లకొండ రాగి ఈ మూడవ కోవకు చెందుతుంది. బండలమొట్టు సీసం జాబితా వెలుపలే ఉంది.