సెరెస్ పరికరాల క్షీణత సవరణ

'''సెరెస్''' అనేది భూమి నుండి అంతరిక్షంలోకి వెళ్ళే వికిరణాన్ని కొలవడానికి అమెరికా సంస్థ నాసా చేపట్టిన ఉపగ్రహ పరికరాల శ్రేణి. 1999లో టెర్రా, 2002లో ఆక్వా ఉపగ్రహాలపై రెండేసి పరికరాలను పంపారు.

భూమి సగటున చదరపు మీటరుకు సుమారు 100 వాట్ల సూర్యకాంతిని పరావర్తనం చేస్తుంది. భూమి అదనంగా నిలుపుకొంటున్న శక్తి సుమారు 1 వాటు మాత్రమే. అనగా పరావర్తన కొలతలో 1 శాతం దోషం కూడా ఈ మొత్తానికి సమానమవుతుంది.

== క్షీణతకు కారణం ==
అతినీలలోహిత కిరణాల సమక్షంలో పరికరపు కాంతి భాగాలపై మాలిన్యం పేరుకొంటుంది. దీనివలన నీలి కాంతిని గ్రహించే శక్తి ఎక్కువగా తగ్గుతుంది. ఉపగ్రహం ప్రయాణించే దిశకు ఎదురుగా తిరిగే పరికరాలలో ఈ నష్టం అధికం. పరికరంలోని టంగ్‌స్టన్ దీపపు కాంతిలో నీలి భాగం తక్కువ కనుక, ఆ దీపంతో చేసే పరీక్షలో ఈ లోపం సరిగా బయటపడదు.

== సవరణ విధానం ==
ఒకే ఉపగ్రహంపై ఉన్న రెండు పరికరాలు ఒకే దృశ్యాన్ని చూసినప్పటి కొలతలను పోల్చి, వాటి మధ్య పెరుగుతున్న తేడాను గుర్తిస్తారు. పగటివేళ మొత్తం వికిరణం నుండి పరావర్తిత కాంతిని తీసివేస్తే ఉష్ణ వికిరణం లభిస్తుంది. రాత్రివేళ అది నేరుగా తెలుస్తుంది. ఈ రెండింటి తేడా ఏళ్ళు గడిచేకొద్దీ ఒకే దిశలో జరిగితే, దాని ఆధారంగా పాత కొలతలను కూడా సవరిస్తారు.