ప్రత్యక్ష సంగీత ప్రసారముల భవిష్యత్తు

గిద్దలూరు, మార్కాపురము ప్రాంతముల గ్రామములలో తిరునాళ్ళ రాత్రి పద్యనాటకము చూచినవారికి ఒక అనుభవము తెలిసియే ఉంటుంది. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యము ముగించి రాగము తీస్తాడు. జనము 'వన్స్‌మోర్' అని కేకలు వేస్తారు. నటుడు ఆ పద్యమునే మరల అందుకొంటాడు. కాని రెండవమారు పాడినది మొదటిదానివలె ఉండదు. రాగము మరికొంత దూరము సాగుతుంది, హార్మోనిస్టు దాని వెంట నడుస్తాడు. ఆ సాగిన రాగము ఏ పుస్తకములోను లేదు. జనము అడిగినందువలన అప్పటికప్పుడు పుట్టినది. ప్రత్యక్ష సంగీత ప్రసారములకు ఇక భవిష్యత్తు ఉన్నదా అనే ప్రశ్నకు సమాధానము ఇక్కడనే వెదకవలెనని మా అభిప్రాయము.

ఒకప్పుడు ఈ ప్రశ్నకు తావే లేదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమయినది. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ రోజులలో గాయకుడు స్టూడియోలో పాడుతూ ఉండగానే పాట శ్రోతల ఇంటికి చేరేది. తప్పు దొర్లితే దిద్దుకొనే వీలు లేదు. టేపు వాడుక పెరిగిన తరువాత ఆ భయము తగ్గినది. మహావిద్వాంసుల గానము తరువాతి తరములకు నిలిచినది. ఇది సామాన్యమైన మేలు కాదు.

టెలివిజను మన దేశములో 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలోను, 1977 అక్టోబరు 23న హైదరాబాదులోను ప్రారంభమయినది. రేడియోలో కచ్చేరీకి కొన్ని మైకులు చాలును. టెలివిజనుకు కెమేరాలు, దీపములు, దృశ్యములను కలిపే యంత్రము, ఉపగ్రహమునకు సంకేతము పంపే వాహనము కావలెను. ఆ ఉపగ్రహము భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది. సంకేతము పైకి పోయి క్రిందికి వచ్చుటకే సుమారు పావు సెకను పడుతుంది. దానిని కుదించి, మరల విప్పుటలో మరికొంత ఆలస్యము. చూచేవారికి ఇది ఇబ్బంది కాదు. కాని ఈ మార్గమున ఒక ఊరిలో గాయకుడు, మరొక ఊరిలో మృదంగ విద్వాంసుడు కూర్చుండి ఒకే తాళమునకు కచ్చేరీ చేయలేరు. అందరిని ఒకచోటికి చేర్చవలసినదే. ఖర్చు పెరుగుటకు ఇదియు ఒక కారణము.

అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 2013 డిసెంబరు 5న 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' అనే సంగీత నాటకమును ప్రత్యక్షముగా ప్రసారము చేయగా, 1.8 కోట్లకు పైగా జనము చూచినారు. ఇతర సంస్థలును ఆ బాట పట్టినవి. 2019 జనవరి 27న ఫాక్స్ సంస్థ 'రెంట్' అనే నాటకమును తలపెట్టినది. ముందునాటి రిహార్సలులో ముఖ్యనటుని పాదము విరిగినది. చివరి అంకము మాత్రమే ప్రత్యక్షముగా సాగినది. తక్కినది చాలవరకు రిహార్సలులో ముద్రించినదే. ముద్రించినది చేతిలో ఉండుట వలననే ఆనాటి ప్రసారము ఆగలేదు. అయినచో, ముద్రణ అంత చక్కగా అక్కరకు వచ్చునపుడు ప్రత్యక్షము దేనికి?

క్రికెట్ ఆటను జనము ఇంకను ప్రత్యక్షముగానే చూడగోరుతారు. ఫలితము ముందుగా తెలియదు కనుక. సంగీతములోను అట్టిది కలదు. ఆలాపన, నెరవు, కల్పనస్వరము, పద్యము చివరి రాగము — ఇవి ఆ క్షణమున పుట్టేవి. ముందుగానే బాణీ, వాద్యసమ్మేళనము సమకూర్చిన సినిమాపాట ముద్రణలో పెద్దగా నష్టపోదు. కల్పన ప్రధానమైన సంగీతము నష్టపోతుంది. మరొకటి, అందరు ఒకే వేళ వినుటలోని సంతోషము. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారు నుండి వచ్చే పంచరత్న గోష్ఠి ప్రసారమునకు ఆ బలమున్నది.

మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. ఒకమారు పల్లెలో రాత్రి తెల్లవార్లు జరిగిన నాటకమును ముద్రించి, అరగంటకు కుదించినాము. కాలము కలిసివచ్చుటకు మేము కత్తిరించినవి ఆ రెండవమారు పద్యములే. ప్రసారము విన్న వృద్ధనటుడు, పద్యములు వచ్చినవి గాని జనము రాలేదని నొచ్చుకొన్నాడు. మేము బదులు చెప్పలేకపోయినాము.

కనుక పెద్ద టెలివిజను సంస్థలు ఏడాదికి కొన్ని పర్వదినములకే ప్రత్యక్ష సంగీతమును పరిమితము చేయవచ్చును. అది చాలదు. నల్లమల, వెలికొండల నడుమనున్న ఈ సీమలో ఎఫ్.ఎం. తరంగములకు కొండలు అడ్డు తగిలినను, మార్కాపురములో ఆకాశవాణి కేంద్రము ఉన్నది. ఊరి తిరునాళ్ళ వేదిక దానికి దూరము కాదు. నెలకొక రాత్రి వేదిక దగ్గరకే మైకు పోవలెను. ఒక్కటి జనము వైపునకు కూడ త్రిప్పి ఉంచవలెను. ఒక సీను అయినను కత్తిరింపు లేకుండ, వన్స్‌మోరుతో సహా వినిపించవలెను. నటునకు తన పద్యమును సాగదీసే ధైర్యము జనము వలననే వస్తుంది. అడిగేవారు లేనినాడు ఆ విద్యయే మరుగున పడుతుంది.