మెడలో కట్టిన బిళ్ల

నా మెడలో బిళ్ల కట్టిన సంగతి మొట్టమొదట కనిపెట్టినవాడు డాక్టరు కాడు, మా వీధి సెలూను అతను. గడ్డం గీస్తూ గీస్తూ కత్తి ఆపి, "మేష్టారూ, ఇక్కడేదో గట్టిగా తగులుతోందే!" అన్నాడు. తడుముకున్నాను. కుడిపక్కన కుంకుడుగింజంత. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి!

మా అత్తయ్య గండమాల అన్నది. మొదట చూసిన డాక్టరుగారు క్షయ బిళ్ల అన్నారు. పేరు మారింది గాని మాట ఒకటే. మన దేశంలో మెడ బిళ్లలకు ముందుగా క్షయను అనుమానించటంలో తప్పేమీ లేదు. సూదితో గుచ్చి చూడకుండా ఆరుమాసాలు మందులు మింగించటమే నాకిప్పటికీ మింగుడుపడని సంగతి. ఆ ఆరుమాసాల్లో కుంకుడుగింజ కాస్తా కుంకుడుకాయ అయింది.

చివరికి సూదితో లాగిన చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే కనబడ్డవి థైరాయిడ్ కణాలు! ఆ గ్రంథి ఉండేది గొంతుముడికి దిగువన, గాలిగొట్టాన్ని కరుచుకుని. పక్కబిళ్లలోకి దాని కణాలెలా వచ్చాయి? పూర్వం వైద్యులు కూడా ఈ చిక్కులో పడ్డారట. పిండం పెరిగేటప్పుడు దారితప్పి పక్కన ఉండిపోయిన థైరాయిడ్ ముక్క కాబోలునని ఇరవయ్యో శతాబ్దంలో కూడా కొన్నాళ్లు నమ్మారు. తీరా చూస్తే, గ్రంథిలో చేతికి తగలనంత చిన్న కాన్సరు కంతి నుంచి పాకి వచ్చినవే అవి.

థైరాయిడ్ కాన్సర్లలో ఎక్కువగా కనబడేది పాపిల్లరీ రకం. అది లింఫు నాళాల వెంట నడుస్తుంది. దాని దాయాది ఫాలిక్యులర్ రకం ఎక్కువగా రక్తంలో పడి ఊపిరితిత్తులకూ, ఎముకలకూ పోతుంది. నాది మొదటి రకం. మామూలుగా ముందు గాలిగొట్టం పక్కనున్న బిళ్లలకు పాకి, తరవాత మెడ పక్కలకు వస్తుంది. కంతి గ్రంథి పైకొసన ఉంటే మాత్రం ఒక్కొక్కప్పుడు మధ్య మజిలీలో దిగకుండా తిన్నగా పక్కకే వస్తుందట. నాది పైకొసనే, 14 మిల్లీమీటర్లు.

"మీ జాతకం చూద్దాం" అంటూ సర్జనుగారు కాగితం తీశారు. ఈ జబ్బు ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుంది. మగవాళ్లకు వచ్చినప్పుడు బిళ్లలకు పాకటం ఎక్కువ. చిన్న వయస్సువాళ్లలో ఎక్కువ. కంతి 1 సెంటీమీటరు దాటినా, ఒకటికి నాలుగుచోట్ల ఉన్నా, గ్రంథి గోడ దాటి బయటికి వచ్చినా ఎక్కువ. చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలిందా అని కూడా అడిగారు. 1986 చెర్నోబిల్ ప్రమాదం తరవాత అక్కడి పిల్లలకు వచ్చిన థైరాయిడ్ కాన్సర్లలో చాలా భాగం బిళ్లలకు పాకినవేనట. "హాషిమోటో వాపు ఉన్నవాళ్లలో కొంచెం తక్కువలెండి" అన్నారు చివరికి. అది నాకు లేదు! జబ్బు లేనందుకు విచారించటం నా జీవితంలో అదే మొదలు.

"ఇంతకీ ఎన్నో దశండీ?" అన్నది మా ఆవిడ.

"మొదటిదేనమ్మా."

"మెడంతా పాకాక మొదటిదేమిటి?"

2018 నుంచి వాడుకలో ఉన్న లెక్క అది. 55 ఏళ్ల లోపువారికి ఈ రకం దూరపు అవయవాలకు పోనంతవరకూ మొదటి దశే. నాకప్పుడు 36. పడుచువాళ్లలో బిళ్లలకు ఎక్కువగా పాకుతుంది గాని, ప్రాణం తీయటం అరుదు. బిళ్లలకు పాకినవారిలో మళ్లీ తలెత్తే అవకాశం మాత్రం హెచ్చు.

నా అసలు బెంగ వేరే. గాలిగొట్టం పక్క బిళ్లలు తీయాలంటే స్వరపేటికకు పోయే నరాల పక్కనుంచే కత్తి నడవాలి. నేను తెలుగు పంతులును. గొంతే నా అన్నం. ఎడమపక్క స్కానులో శుభ్రంగానే ఉన్నది. "అదీ తీయించెయ్యి బావా, పీడా వదులుతుంది" అన్నాడు మా బావమరిది. సర్జనుగారు ఒప్పుకోలేదు. కంటికి ఆనని పాకుడు అక్కడా ఉండవచ్చు, అయినా వెతికి కోయటంవల్ల వచ్చే కీడే ఎక్కువ అన్నారు. ఆ రాత్రి చాలాసేపు పద్యాలు బిగ్గరగా చదువుకున్నాను. మా ఆవిడ వద్దనలేదు.

గ్రంథి మొత్తం, మధ్య బిళ్లలు, కుడిపక్కవి తీశారు. 26 బిళ్లల్లో 7 పాకినవి. రేడియో అయోడిన్ పుచ్చుకుని కొన్నాళ్లు ఒంటరిగా గదిలో ఉన్నాను. మా రెండేళ్ల పిల్ల తలుపు అవతల నిలబడి పిలిచేది. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే కాల్షియం ఇచ్చారు. బిళ్లలు తీయించుకుని బిళ్లలు మింగటమన్నమాట! గొంతు రెండు నెలలు బొంగురుపోయి, మెల్లగా వెనక బెంచీదాకా వినబడసాగింది.

మళ్లీ సెలూనుకు వెళ్లినప్పుడు అతను మచ్చ చూసి కాసేపు మాట్లాడలేదు. "మేష్టారూ, ఎడమపక్క కూడా చూడనా?" అన్నాడు.

చూశాడు. ఏమీ లేదు.