అగ్నిప్రమాదంలో పుట్టిన పాట - గిటారుకు తొలిపాఠం

పంట డబ్బు చేతికొచ్చాక, కొడుకు పోరు పడలేక గిటారు కొనిచ్చిన తండ్రులు మన పల్లెల్లోనూ ఉన్నారు. మొదటి వారం ఇల్లంతా టింగుటింగుమని మోగుతుంది. రెండో నెలకు గిటారు గోడకెక్కుతుంది. దానిమీద దుమ్ము పేరుకుంటుంది. ‘మావాడికి సంగీతం అబ్బలేదండీ’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు.

కుర్రవాణ్ని తప్పుపట్టేముందు అతడు మొదలుపెట్టిన తీరు చూడాలి. సినిమాలో హీరో వేళ్లు తీగలమీద పరుగెత్తడం చూసి తనూ మొదటి రోజే పరుగెత్తబోతాడు. పది పాటలు పట్టుకుంటాడు, ఒక్కటీ పూర్తికాదు. అలాకాక ఒకే పాటను పట్టుకుని చివరికంటా సాధిస్తే, చేతికి కావలసిన పనితనం చాలావరకు ఆ పాటే నేర్పుతుంది. రాక్ సంగీతంలో అలాంటి పాట ఒకటుంది. దాని పేరు ‘స్మోక్ ఆన్ ది వాటర్’. అంటే నీటిమీద పొగ. దేశదేశాల్లో గిటారు పట్టినవారిలో ఎంతోమంది మొదట వాయించి చూసేది దీన్నే.

సరస్సుపై కమ్మిన పొగ

ఈ పాట పుట్టిన కథ చిత్రమైనది. 1971 డిసెంబరులో ఇంగ్లండుకు చెందిన ‘డీప్ పర్పుల్’ బృందం స్విట్జర్లాండులోని మాంట్రూ పట్నానికి వెళ్లింది. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న క్యాసినో భవనంలో పాటలు రికార్డు చేసుకోవాలన్నది వారి ఏర్పాటు. డిసెంబరు 4న అదే భవనంలో అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతోంది. ప్రేక్షకుల్లో ఒకడు నిప్పులు చిమ్మే సిగ్నల్ తుపాకీని పైకప్పు వైపు పేల్చాడు. భవనం మొత్తం కాలిపోయింది. అక్కడి జాజ్ ఉత్సవ నిర్వాహకుడు క్లాడ్ నాబ్స్ లోపల చిక్కుకున్నవారిని బయటికి చేర్చడంలో సాయపడ్డారు. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు.

సరస్సుమీద కమ్ముకున్న ఆ పొగను డీప్ పర్పుల్ సభ్యులు కళ్లారా చూశారు. బాస్ గిటారు వాయించే రోజర్ గ్లోవర్‌కు ‘నీటిమీద పొగ’ అన్న పేరు తట్టింది. మరో హాలులో రికార్డింగు మొదలుపెడితే, మోత భరించలేక చుట్టుపక్కలవారు పోలీసులకు చెప్పారు. చివరికి శీతకాలంలో ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్‌లో, వసారాల్లో పరుపులు అడ్డం పెట్టుకుని పని ముగించారు. 1972లో ‘మెషీన్ హెడ్’ రికార్డులో ఈ పాట విడుదలైంది. జరిగిన ఉదంతాన్ని బుర్రకథలో చెప్పినట్టు, ఆ ప్రమాదం కథనే ఈ పాట చెబుతుంది.

నాలుగే స్వరాలు

పాట మొదట్లో రిచీ బ్లాక్‌మోర్ గిటారుపై వాయించిన చిన్న స్వరఖండమే దీనికి ప్రాణం. ఇలాంటి ఖండాన్ని రాక్ వాద్యకారులు ‘రిఫ్’ అంటారు. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం - ఇందులో ఉన్నవి ఈ నాలుగే. హార్మోనియం తెలిసినవారికి వీటిని పట్టుకోవడం నిమిషం పని.

అయితే ఏ స్వరమూ ఒంటరిగా మోగదు. ‘స’ పలికేటప్పుడు దాని కింది ‘ప’ కూడా జతగా పలుకుతుంది. మిగతా మూడింటికీ అంతే దూరంలో కింద ఒక తోడు ఉంటుంది. ఆ జంటలవల్లే ఇంత చిన్న ఖండానికి అంత నిండుదనం వచ్చింది.

వీణకున్నట్టే గిటారుకూ మెట్లుంటాయి. వాటినే ఫ్రెట్లు అంటారు. ఆరు తీగల్లో సన్నతీగ నుంచి లెక్కిస్తే మూడోది, నాలుగోది చాలు. మెట్టు నొక్కకుండా ఒక జంట, మూడో మెట్టుమీద ఒకటి, ఐదో మెట్టుమీద ఒకటి, ఆరో మెట్టుమీద ఒకటి. ఒకే వేలిని పడుకోబెట్టి రెండు తీగలనూ కలిపి నొక్కాలి.

ఎక్కడ తప్పుతున్నారు?

ఇంత సులువైన దాన్ని కూడా చాలామంది తప్పుగానే వాయిస్తారు. కొందరు లావు తీగమీద ఒంటి స్వరాలుగా లాగిస్తారు. కొందరు ‘ప’ను కింద కాక పైన చేరుస్తారు. పాట గుర్తుపట్టేలాగే ఉంటుంది గాని అసలు నాదం రాదు.

రెండో తప్పు కుడిచేతిది. మీటే బిళ్లతో గీస్తే ఒక తీగ ముందు, ఒకటి వెనుక మోగుతాయి. బ్లాక్‌మోర్ బిళ్ల వాడకుండా వేళ్లతో రెండు తీగలనూ ఒకేసారి లాగి వదిలారు. బొటనవేలు, చూపుడువేలుతో ప్రయత్నిస్తే తేడా వెంటనే చెవికి తెలుస్తుంది.

మూడోది మౌనం. స్వరానికీ స్వరానికీ నడుమ తీగ మోత ఆగాలి. ఎడమచేతి వేలిని కొద్దిగా సడలిస్తే మోత ఆగుతుంది. మెట్టు నొక్కని జంటను మాత్రం చేత్తో తాకి ఆపాలి. ఈ ఆపడం చేతకాకపోతే పాట కలగాపులగమవుతుంది.

సరళీ స్వరాల పద్ధతే

మన సంగీతం పంతుళ్లు సరళీ స్వరాలను మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని నేర్పిస్తారు. ఇక్కడా అదే దారి. చేత్తో తాళం వేసే స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని వారంపాటు మొదటి కాలంలోనే వాయించండి. కొన్ని స్వరాలు దెబ్బమీద కాక రెండు దెబ్బల నడుమ పడతాయి. తాళం తప్పేది అక్కడే. తప్పకుండా పది సార్లు వచ్చాకే వేగం పెంచాలి.

తర్వాత పాడే భాగానికి వెళ్లాలి. అక్కడ గిటారు గాయకుడికి దారి ఇచ్చి వెనుక నిలబడుతుంది. పక్కవాద్యం ధర్మం అక్కడ తెలుస్తుంది. ఆఖరున, నడుమ వచ్చే ఒంటరి వాద్యం. అందులో తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచాలి. వీణపై గమకం విన్నవారికి ఇది కొత్త కాదు. వేళ్లు గట్టిపడందే ఇది రాదు గనుక చివరికి ఉంచుకోవాలి.

ఎలక్ట్రిక్ గిటారు లేదని దిగులు పడనక్కరలేదు. ఆ గరగరమనే నాదానికి యాంప్లిఫయర్ కావాలి గాని, పాఠానికి మామూలు చెక్క గిటారు సరిపోతుంది. మొదట్లో వేలికొసలు మండుతాయి. రోజూ అరగంట చాలు. నొప్పి ఎక్కువైతే ఒకరోజు ఆపండి.

మీ ఇంట్లో గోడకు గిటారు వేలాడుతుంటే ఈ పూట కిందికి దించండి. దుమ్ము తుడిచి, తెలిసినవారిచేత శ్రుతి చేయించండి. మెట్టు నొక్కకుండా మూడో తీగనూ నాలుగో తీగనూ కలిపి ఒక్కసారి మీటండి. పాటలో మొదటి జంట అదే.