సంఘపు వెబ్‌సైటు: సభ్యులు తెలిసికొనదగిన విషయములు

పండించిన పసుపును, మిరపను, మామిడిని మార్కెట్టు యార్డునకు తోలి ఊరకుండక, కొంత సరకునైనను వాడుకొనువారికి నేరుగా అమ్మవలెననియు, అందులకొక వెబ్‌సైటు కావలెననియు మన సంఘములలో పలువురు కోరుచున్నారు. కోరిక మంచిదే. కాని వెబ్‌సైటు పెట్టినంతమాత్రమున సరకు అమ్ముడుపోదు. అదియు నొక యంగడియే. అంగడి యెవరి పేర నున్నది, లోనికి వచ్చినవానికి ఏమి కనబడును, అడిగినప్పుడు బదులు చెప్పువారెవరు, ఖర్చులు పోగా మిగులునది యెంత అను నాలుగు సంగతులను ముందుగా తేల్చుకొనవలెను.

మొదటిది పేరు. వెబ్‌సైటు పేరును డొమైను అందురు. ఇది కొన్న భూమివంటిది కాదు, కౌలుభూమివంటిది. ఏడాదికి గాని, కొన్ని యేండ్లకు గాని రుసుము చెల్లించి నమోదు చేయించుకొనవలెను. ఒక్కసారిగా 10 యేండ్లకు మించి దొరకదు. గడువు దాటినను మరల చెల్లించనియెడల, కొన్నాళ్లకు దానిని మఱియెవరైనను తీసికొనవచ్చును. అప్పుడు మన సంచులమీద అచ్చువేసిన పేరునే నమ్మి వచ్చిన కొనుగోలుదారుడు అన్యుని యంగడికి పోవును. అచ్చట సొమ్ము చెల్లించి మోసపోయినచో అతడు నిందించునది మన సంఘమునే.

సాధారణముగ జరుగు పొరపాటేమనగా, వెబ్‌సైటు చేసియిచ్చు కుఱ్ఱవాడు తన పేరనే, తన ఈమెయిలుతోనే డొమైనును నమోదు చేయించును. అతనికి దురుద్దేశము లేకపోవచ్చును. కాని అతడు ఉద్యోగము దొరికి ఊరు విడిచిన పిమ్మట, ధర మార్చవలెనన్నను, గడువు పొడిగింపవలెనన్నను సంఘమునకు దారి యుండదు. కావున డొమైను సంఘము పేరనే యుండవలెను. ఈమెయిలు సంఘమునకు వేఱుగా నుండవలెను. పాస్‌వర్డును కవరులో నుంచి, లక్కతో మూసి, ఇనుప పెట్టెలో భద్రపఱుపవలెను. గడువు తేదీని తీర్మానముల పుస్తకమున వ్రాసి, అధ్యక్షునికిని కార్యదర్శికిని ఇరువురకును తెలిసియుండునట్లు చేయవలెను. పేరు చివర మన దేశమునకు చెందిన .ఇన్ అనుదానిని ఎన్నుకొనవచ్చును. సహకార సంఘములకే ప్రత్యేకింపబడిన .కోఆప్ అనునదియు కలదు. తెలుగు లిపిలోనే .భారత్ అని ముగియు పేర్లును దొరకును.

రెండవది మొదటి పుటలో నుండవలసినది. దుగ్గిరాల ప్రాంతపు రైతులు పసుపు అమ్మదలచిరనుకొందము. హైదరాబాదులోని గృహిణి మొదట అడుగునవి యివి: కొమ్ములా, పొడియా? ఏ యేటి పంట? ఎచ్చట ఉడికించి యెండబెట్టిరి? కిలో యెంత? పార్సిలు ఖర్చెంత? ఎన్ని దినములలో చేరును? ఈ ప్రశ్నలకు మొదటి పుటలోనే బదులుండవలెను. శ్రేష్ఠమైనది, స్వచ్ఛమైనది అను మాటలను అందఱును వ్రాయుదురు. వానివలన కొనువారికి తెలియునది లేదు. పసుపుపొడిలో రంగు కొఱకు సీసముతో కూడిన లెడ్ క్రోమేటును కలుపు దుర్మార్గులున్న కాలమిది. కావున ఆ సరకునకే చేయించిన పరీక్షా పత్రమును తేదీతో సహా చూపుట నూఱు పొగడ్తలకంటె మేలు.

ఆహార భద్రతా సంస్థవారిచ్చిన 14 అంకెల సంఖ్యయు, పొట్లముమీద ముద్రింపవలసిన నికర తూకము, గరిష్ఠ ధర మొదలగు వివరములును వెబ్‌సైటునందును కనబడవలెను. 2020వ సంవత్సరపు ఇ-వాణిజ్య నియమముల ప్రకారము ఫిర్యాదులు చూచువాని పేరును ప్రకటింపవలెను, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెలలోపల పరిష్కరింపవలెను.

సెల్లుఫోనుతో తీసిన ఫొటో ఒక్కొక్కటి 3, 4 మెగాబైట్లుండవచ్చును. అట్టివి పది పెట్టినచో పుట తెఱచుకొనులోపల చూచువాడు విసిగి వెడలిపోవును. వానిని 200 కిలోబైట్ల లోపునకు తగ్గింపవలెను. తెలుగు వ్రాతను యూనికోడులో టైపు చేయింపవలెను. అచ్చుకూటపు పాత ఫాంటులలో కూర్చినదానిని ఎత్తి పెట్టినచో ఫోనులో అర్థములేని గుర్తులు కనబడును.

మూడవది పదిమందికి తెలియజేయుట. గూగుల్ మ్యాపులో సంఘపు కార్యాలయమును, పనివేళలను, ఫోను నంబరును నమోదు చేయుటకు రుసుము లేదు. సంచిమీదను, రసీదుమీదను, మ్యాపులోను పేరు ఒక్కతీరుగనే యుండవలెను. ఒకసారి కొన్నవారిని, వారంగీకరించినయెడల, క్రొత్తపంట వచ్చినప్పుడు వాట్సాపులో పలుకరింపవచ్చును, నిత్యము విసిగింపరాదు. డబ్బిచ్చి మెప్పుమాటలు వ్రాయించుట మోసము. ఫోను మ్రోగినప్పుడు మర్యాదగా బదులు చెప్పు మనిషి లేనిచో తక్కినవన్నియు వృథా. సొమ్ము విషయమున నొక హెచ్చరిక: యూపీఐ ద్వారా మనకు డబ్బు వచ్చుటకు పిన్ను కొట్టనక్కఱలేదు. కొట్టుమని యడుగువాడు మన సొమ్మును లాగదలచినవాడే.

నాలుగవది లెక్క. వెబ్‌సైటు ద్వారా వచ్చిన వెలనుండి పొట్లము, పార్సిలు, తిరిగి వచ్చిన సరకు, వెబ్‌సైటు రుసుము, పనివాని జీతము తీసివేయవలెను. మిగిలినదానిని, పసుపునకు అదే కాలమున యార్డులో పలికిన ధరతో పోల్చి చూడవలెను. మొదటి యేట పంటలో పదవ వంతుకు మించి దీనికి కేటాయింపక పోవుట మంచిది. లాభము లేనిచో మానివేయుటకు సిగ్గుపడరాదు.

ఇదివఱకే వెబ్‌సైటు గల సంఘముల సభ్యులు రాబోవు మహాజనసభలో ఒక్క ప్రశ్న యడుగుదురు గాక: మన డొమైను ఎవరి పేర నున్నది, గడువు ఏనాటికి తీరును? ఎవరును వెంటనే బదులు చెప్పలేకపోయినచో, ఆనాటి మొదటి తీర్మానము అదియే కావలెను.