పేరు మారిన ఫైళ్లు, దారి తప్పిన రంగులు

సాఫ్ట్‌వేర్ సంస్థలకు నెలవైన నోయిడాలో తెలుగు ఇంజినీర్లు కూడా పనిచేస్తున్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి తొలుత అప్పగించేది తరచు పాత ప్రోగ్రాముల నిర్వహణే. అటువంటి ఫైలును ఎడిటర్‌లో తెరిచినప్పుడు ఒక్కోసారి అక్షరాలన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. ఇందుకు కారణం చాలావరకు ఫైలు పేరు చివర చుక్క తరువాత ఉండే ఎక్స్‌టెన్షన్.

ఆదేశాలు, వ్యాఖ్యలు, కొటేషన్ గుర్తుల మధ్య ఉండే పాఠం వేర్వేరు రంగుల్లో కనిపించే ఏర్పాటును సింటాక్స్ హైలైటింగ్ అంటారు. అది లేకున్నా ప్రోగ్రాము నడకకు లోపం రాదు. అయితే ముగింపు కొటేషన్ గుర్తు మరచిపోతే, ఆ తరువాతి భాగమంతా ఒకే రంగులోకి మారి పొరపాటును వెంటనే పట్టిస్తుంది. రంగులు లేనప్పుడు ఆ హెచ్చరిక అందదు.

ఎక్స్‌టెన్షన్లు పాతబడడానికి రాకు భాష చక్కని ఉదాహరణ. 2000లో పెర్ల్ 6గా ప్రకటితమైన ఈ భాష తొలి స్థిర రూపం 2015 డిసెంబరులో వెలువడింది. 2019 అక్టోబరులో దీని పేరు రాకుగా మారింది. దానితో డాట్ పీ6, డాట్ పీఎం6 స్థానంలో డాట్ రాకు, డాట్ రాకుమాడ్ అనే ఎక్స్‌టెన్షన్లు వచ్చాయి. కొత్త పేర్లు తెలియని ఎడిటర్ కొత్త ఫైళ్లను గుర్తించలేదు. పాత పేర్లను జాబితా నుంచి తొలగిస్తే, అప్పటికే రాసి ఉన్న ఫైళ్లు రంగులు కోల్పోతాయి.

కాబట్టి పాతవాటిని తీసివేయకుండా కొత్తవాటిని చేర్చడమే సరైన పద్ధతి. రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయినా, పాత పేరుతో రాసిన ఉత్తరం ఆ ఊరికే చేరాలి కదా!

1991లో తొలిసారి విడుదలైన విమ్ ఎడిటర్‌లో ఈ మార్పు సులభమే. ఫలానా ఎక్స్‌టెన్షన్ ఫలానా భాషకు చెందినదని తెలిపే ఒక్క వాక్యాన్ని ఫైలు రకాలను గుర్తించే ఫోల్డరులో చేర్చితే చాలు. తెరిచి ఉన్న ఒక్క ఫైలుకే రంగులు కావాలంటే, దాని రకాన్ని అప్పటికప్పుడు ఆదేశంతో నిర్ణయించవచ్చు.

ఒకే ఎక్స్‌టెన్షన్‌ను రెండు భాషలు వాడితే చిక్కు వస్తుంది. డాట్ పీఎల్ అటు పెర్ల్‌కూ, ఇటు ప్రోలాగ్‌కూ చెందుతుంది. అప్పుడు పేరు చాలదు, ఫైలు లోపలి రాతను పరిశీలించవలసిందే. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ప్రోగ్రామును నడిపే భాషను తొలి పంక్తిలోనే పేర్కొనే అలవాటు ఇక్కడ అక్కరకు వస్తుంది.

మార్పు చేసిన తరువాత పాత ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైలును, కొత్తదానితో ఒక ఫైలును, పేరు పంచుకునే మరో భాష ఫైలును తెరిచి చూడాలి. మూడింటిలోనూ రంగులు సరిగా ఉంటేనే ఆ మార్పును బృందంలోని మిగిలినవారికి అందించడం క్షేమం.