ఆ అన్నం ఎవరికని ఎవరూ అడగలేదు

మా ఇల్లు బేగంపేటలో. కూరగాయల సంచీతో వచ్చేటప్పుడు రోజూ హైదరాబాద్ పబ్లిక్ స్కూలు మీదుగానే నడుస్తాను. 1923లో పెట్టినప్పుడు దాని పేరు జాగీర్దార్స్ కాలేజి. జాగీర్దార్ల కొడుకుల చదువు కోసం పెట్టింది. 1949లో జాగీర్దారీ రద్దయ్యాక, 1951లో పేరు మారింది. మగపిల్లలకి అంత గొప్ప బడి సరే, అవే రోజుల్లో తెలంగాణ గడీల్లో పనిచేసిన ఆడపిల్లల సంగతేమిటి?

'ఆడబాప' అనే మాట ఎప్పుడైనా విన్నారా? దొర కూతురు అత్తారింటికి వెళ్తుంటే సారెతోపాటు పంపే పిల్ల. జీతం లేదు, పెళ్ళి లేదు, తిరిగొచ్చే దారీ లేదు. నేను డిగ్రీ చదివాను, అందులోనూ చరిత్ర ఒక సబ్జెక్టు. నా పాఠాల్లో ఈ మాట కనబడలేదు. 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే తెలిసింది.

1986లో ఆ పుస్తకం తెచ్చింది స్త్రీశక్తి సంఘటన. కె. లలిత అందులో ఒకరు. 1974లో ఉస్మానియాలో అమ్మాయిలు పెట్టుకున్న ప్రగతిశీల మహిళా సంఘంతో మొదలైన మనిషి ఆవిడ. వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న ఆవిడతో కలిసి పనిచేశారు. వీళ్ళలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాళ్ళున్నారు, పోషకాహారం మీద పరిశోధన చేసే డాక్టరుంది. టేపురికార్డరు పట్టుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళారు.

పోరాటమంటే తుపాకులే అనుకుంటాం. 1946 నుంచి 1951 దాకా అది నిలబడడానికి ఇంకో పని కూడా జరిగింది. రహస్య స్థావరాల్లో వంట, కొంగున కట్టుకుని ఉత్తరాల చేరవేత, అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్ళకి చోటు. ఎక్కువగా ఆడవాళ్ళే చేశారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం పేర్లు మనకి తెలుసు. ఈ పుస్తకంలో కమలమ్మ కూడా మాట్లాడుతుంది. ఆవిడ తల్లి బానిసగా బతికింది. పోరాటంలోకి వచ్చిన కమలమ్మ అడవిలో ఉన్నప్పుడు కన్నబిడ్డని వేరేవాళ్ళ చేతికి ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పోరాటం ముగిశాక వీళ్ళలో చాలామందికి దొరికిన జవాబు, ఇక ఇంటికెళ్ళమ్మా అని. లలిత బృందం ఆ బాధనీ దాచకుండా అచ్చేసింది. నాకు బాగా నచ్చింది అదే.

అమెరికాలో బానిసలు ఉత్తరాదికి పారిపోవడానికి ఇలాంటి రహస్య దారులే ఉండేవి. పట్టాలు లేకపోయినా 'భూగర్భ రైలుమార్గం' అనేవారు. ఫిలడెల్ఫియాలో విలియం స్టిల్ అనే నల్లజాతి గుమాస్తా, వచ్చినవాళ్ళ కథలన్నీ రాసి, ఎవరి కంటా పడకుండా దాచి, 1872లో అచ్చు వేయించాడు. 1850లో ఒకడి కథ వింటూంటే తేలిందట, అతను తన సొంత అన్నే అని! మన దగ్గర పారిపోవడానికి ఉత్తరాది లేదు. ఉన్న ఊళ్ళోనే నిలబడి వెట్టి ఆపాలి. అయినా అడిగి రాసుకునేవాళ్ళు లేకపోతే అక్కడైనా ఇక్కడైనా అంతా మట్టిలో కలిసేదే.

లలిత ఆ తర్వాత సూసీ తారుతో కలిసి భారతీయ రచయిత్రుల సంకలనం రెండు సంపుటాలుగా, 1991లో, 1993లో తెచ్చారు. నాలాంటి కథలు రాసుకునేవాళ్ళకి అది పెద్ద పెన్నిధి.

మా అమ్మమ్మది నల్లగొండ వైపు పల్లె. ఆ రోజుల్లో పదహారేళ్ళ కొత్తకోడలు. రాత్రిపూట దొడ్డి తలుపు తీసిపెట్టేదని ఎప్పుడో ఒకసారి నవ్వుతూ చెప్పింది. నేను టీవీ చూస్తూ ఊఁ కొట్టాను. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

మొన్న అమ్మకి ఫోన్ చేసి అడిగాను. "ఇప్పుడవన్నీ ఎందుకే?" అంది. కాసేపాగి, "రోజూ మూడు సోలల బియ్యం ఎక్కువ పోసేదట. ఎవరికని అడిగితే మీ తాతయ్య కసిరేవారట" అంది.

"ఇంకా?"

"ఫోన్లో కాదు, ఆదివారం రా."

నోటుబుక్కు కొన్నాను.